వారోత్సవానికి ఊరి జనం రావాలంటే

అమ్మా,

ఒడిశాలోని మన బరంపురంలో పుట్టి పెరిగి, దగ్గర్లోని యూనివర్సిటీలో ఎమ్మెస్సీ రెండో ఏడు చదువుతున్నానన్నావు. ఈసారి విద్యార్థుల కమిటీలో నీ పేరు పడింది. వారం రోజుల పండగ: బహిరంగ ఉపన్యాసాలు, కళలు, ఆటలు. "పోయినేడు ఊరంతా బ్యానర్లు కట్టాం మాస్టారూ, తీరా చూస్తే హాల్లో మా హాస్టలు వాళ్ళే. ఈసారి ఏ పెద్దవాళ్ళని పిలిస్తే జనం వస్తారు?" అని అడిగావు. ముగింపు రోజుకి సినిమా గాయకుణ్ణి తెద్దామంటున్నారు, ఏం చెయ్యమంటారని కూడా.

గాయకుడి సంగతి ఆఖర్న చెప్తాను. వక్తల జాబితా కూడా ప్రస్తుతానికి పక్కన పెట్టు. ముందు ఒక కాగితం తీసుకుని, ఎవరు వినాలనుకుంటున్నావు, వాళ్ళు ఏ వేళకి ఖాళీ, ఏ భాషలో చెప్తే తలకెక్కుతుంది, చీకటి పడ్డాక ఇంటికెలా వెళ్తారు, ఈ నాలుగూ రాసుకో. గంజాం జిల్లాలో ఒక విద్యాసంస్థలో ఇరవై ఎనిమిదేళ్ళు ఆటల మాస్టారుగా చేశాను. వారోత్సవం వచ్చిందంటే మైదానంతో పాటు మైకు, షామియానా, అతిథుల భోజనాలు కూడా పీడీ (ఫిజికల్ డైరెక్టరు) నెత్తి మీదే. అలా చాలా చూశాను. మొదటి నాలుగేళ్ళూ మాదీ నీ పోయినేటి కథే.

ఒకసారి సముద్ర తాబేళ్ళ మీద ఉపన్యాసం పెట్టాం. విషయం బంగారం లాంటిది. రుషికుల్య నది సముద్రంలో కలిసే మొగ దగ్గర ఆలివ్ రిడ్లీ తాబేళ్ళు వేలకి వేలు ఒకేసారి ఒడ్డెక్కి గుడ్లు పెడతాయని శాస్త్రజ్ఞుల లెక్కలోకి వచ్చింది 1994లో. ఒక్కో తాబేలు నూటికి పైగా గుడ్లు పెట్టి, ఇసక కప్పి వెళ్ళిపోతుంది. నెలన్నర, రెండు నెలల్లో పిల్లలు బయటికొస్తాయి. ఇసక వేడిని బట్టే ఆడా మగా తేలుతుంది. వేడెక్కితే ఆడవి ఎక్కువ. వాటి కోసమే నవంబరు 1 నుంచి మే 31 దాకా ఆ మొగ దగ్గర తీరం నుంచి 20 కిలోమీటర్ల లోపల చేపల వేట నిషేధం. ఆ ఏడు నెలలూ పొయ్యి మీద ఎసరు ఎలా పెట్టాలో ఆలోచించుకోవలసింది ఎవరు? ఆ తీరం పొడుగునా ఉన్న మన వాడబలిజలు. ఒడియా వాళ్ళు నోలియాలంటారు. ఇళ్ళలో తెలుగే మాట్లాడతారు.

నేను కబురు పెడితే పదిమంది దాకా వచ్చారు. వక్త చాలా పెద్దాయన, మంచివాడు కూడా. ఇంగ్లీషులో గంటా నలభై నిమిషాలు, డెబ్భై బొమ్మలు. మధ్యమధ్య ఒడియాలో రెండు ముక్కలు. వీళ్ళు వెనక బెంచీల్లో కూచుని, సగంలో ఒక్కొక్కరే లేచి వెళ్ళిపోయారు. వరండాలో ఒకాయన నాతో అన్నమాట ఇప్పటికీ గుర్తుంది: "మా గురించే ఏదో సెప్తన్నారని తెలిసింది గానండీ, మంచో సెడ్డో తెల్లేదు." ఆ రాత్రి నాకు అన్నం సయించలేదు. హాలు ఖాళీగా ఉందని కాదు. ఎవరి సంగతి మాట్లాడుతున్నామో వాళ్ళనే పిలిచి, గోడవతల నిలబెట్టాం.

మరుసటేడు అదే విషయం మళ్ళీ పెట్టాం, అధికారులు "నిరుడు చేశాం కదా" అంటున్నా. వక్తకి ముందే చెప్పాం: పాతిక నిమిషాలు, పదిహేను బొమ్మలు, అంతే. ప్రతి అయిదు నిమిషాలకీ ఆగాలి. ఆగినప్పుడు మా విద్యార్థిని ఒకమ్మాయి, ఆ పల్లెల పిల్లే, వాళ్ళ తెలుగులో తిరిగి చెప్తుంది. వాక్యం వాక్యం అనువాదం వద్దన్నాను, అది ఎవరికీ వినబుద్ధి కాదు. ముందురోజు సాయంత్రం వక్త, ఆ పిల్ల ఒక గంట కూచుని మాటలు ఖాయం చేసుకున్నారు. పుస్తకంలో 'సామూహిక అండ నిక్షేపణ' అని ఉంటే, ఆ పిల్ల "గుంపుగా ఒడ్డెక్కడం" అంది. చాలు. సభ నాలుగున్నరకి పెట్టాం. తెల్లారగట్ల వేటకెళ్ళినవాళ్ళు పొద్దెక్కి వచ్చి, చేపలమ్ముకుని, ఓ కునుకు తీసి లేచే వేళ అది. ఉదయం పదకొండుకి సభ పెడితే ఏ పల్లె నుంచీ ఎవరూ రారు, రాలేరు.

ఆ రోజు ఉపన్యాసం పాతిక నిమిషాలయితే ప్రశ్నలు గంటా పావు. దక్షిణపు గాలి గట్టిగా తిరిగిన రెండు మూడు రోజులకి తాబేళ్ళు ఎక్కుతాయని ఒక ముసలాయన చెప్తుంటే వక్త జేబులోంచి నోటుబుక్కు తీసి రాసుకున్నాడు. వలలో చిక్కిన తాబేలు నీళ్ళలోనే ఉండి ఎందుకు చస్తుందని ఒక కుర్రాడు అడిగాడు. దానికీ మనలాగే ఊపిరితిత్తులున్నాయి, పైకొచ్చి గాలి పీల్చకపోతే చస్తుందని చెప్పగానే హాలంతా ఒక్కసారి గుసగుస. నిషేధం కాలంలో పరిహారం మాట మీద వాదన వేడెక్కింది. వేడెక్కనివ్వు. బహిరంగ సభ అన్నాక చప్పట్లే ఉండాలని రాసిపెట్టి లేదు.

ఇంకో విషయం ఇస్తాను, వాడుకో. పర్లాకిమిడి బడిలో పాఠాలు చెప్పుకుంటూ గిడుగు రామమూర్తి పంతులుగారు అక్కడి కొండల్లో ఉండే సవరల భాష నేర్చుకున్నారు, దాని మీద ఏళ్ళ తరబడి పనిచేశారు. ఆయన పుట్టినరోజు ఆగస్టు 29నే మనం తెలుగు భాషా దినోత్సవం చేసుకుంటున్నాం. 1936 ఏప్రిల్ 1న ఒడిశా రాష్ట్రం ఏర్పడి పర్లాకిమిడి అందులోకి వెళ్ళింది, పంతులుగారు ఊరొదిలి రాజమండ్రి చేరారు. అదే ఏడు జూన్ 18న మంగై గమాంగో అనే సవర ఆయన తన భాషకి 'సొరంగ సొంపెంగ్' అని సొంత లిపి తయారుచేశాడు. ఒకే మాటని తెలుగు లిపిలో, ఒడియా లిపిలో, సొంపెంగ్‌లో నల్లబల్ల మీద పక్కపక్కన రాసి, గజపతి జిల్లా నుంచి వచ్చి చదువుకుంటున్న సవర పిల్లవాడి చేత చదివించు. వక్త లేకపోయినా సభ నడుస్తుంది. ఒక్కటే జాగ్రత్త: పర్లాకిమిడి ఎవరికి చెందాలన్న పాత తగువులోకి ఎవర్నీ దిగనివ్వకు. దిగితే రాత్రి పదయినా తెమలదు.

తుపాను మీద కూడా ఒకటి పెట్టొచ్చు. 2013 అక్టోబరు 12 రాత్రి ఫైలిన్ గోపాలపూర్ దగ్గరే తీరం దాటింది, దాదాపు పది లక్షల మందిని ముందే ఖాళీ చేయించారు. ఆ రాత్రి సంగతి చెప్పడానికి నిపుణుడు ఎంత అవసరమో, షెల్టరులో అంతమందికి వండిపెట్టిన ఆడమనిషి కూడా అంతే అవసరం. ఇద్దర్నీ ఒకే బల్ల దగ్గర కూచోబెట్టు.

ఇక కళలు. మీ కమిటీ జాబితా ఎలా ఉంటుందో నేను చూడకుండానే చెప్పగలను: బృందగానం, సినిమా డాన్సు, ఫ్యాషన్ షో, మధ్యలో ఒక స్కిట్టు. పిల్లల సరదా పిల్లలది, ఉండనీ. రెండు సాయంత్రాలు మాత్రం ఈ నేలకి వదిలెయ్యి. గంజాంలో ఏముందో మనకే తెలీదు. గొల్లపిల్లలు కాళ్ళకి కర్రలు కట్టుకుని ఆడే రణపా, ఒకే మనిషి రెండు శంఖాలు ఒకేసారి పూరించే జోడిశంఖ, భక్తులు మొక్కుకుని ఆడే దండనాట, బాఘ నాచ. బాఘ నాచ అంటే మన పులివేషమే. రెండేళ్ళకోసారి ఠాకురాణి జాతరలో బరంపురం వీధుల్లో నువ్వు చిన్నప్పట్నుంచీ చూసే ఉంటావు. ఆ జాతర నడిపే పట్టుసాలె కుటుంబాల పెద్దలు రాజమండ్రి వైపు నుంచి వచ్చారని చెప్పుకుంటారు. వాళ్ళ వీధి నుంచి పులివేషం కట్టేవాడు వస్తే ఆ వీధంతా వెనకే వస్తుంది. ఏ బ్యానరూ చెయ్యని పని అది.

పులివేషం వాడికి ఏం కావాలో ఎవరూ అడగరు. ఒళ్ళంతా రంగు వెయ్యడానికి గంటల పని, అన్నం కూడా సరిగా తినడు. మేము ఒకసారి ఆరుకి రమ్మని, మంత్రిగారి కోసం ఆపి ఆపి తొమ్మిదిన్నరకి ఎక్కించాం. వేదిక వెనక ఆ కుర్రాడు కూచోలేక నిలబడలేక పడ్డ యాతన చూశాక, ఒంటి మీద రంగున్న వాణ్ణి ఏ అతిథి కోసమూ ఆపకూడదని నియమం పెట్టుకున్నాను. ఆట అయ్యాక స్నానానికి గది, వేణ్ణీళ్ళు, కొబ్బరినూనె, పాత తువ్వాళ్ళు సిద్ధంగా ఉంచు. బడ్జెట్లో 'తువ్వాళ్ళు' అని రాస్తే ఆడిటు వాళ్ళు నవ్వుతారు. నవ్వనీ.

నన్నడిగితే ఈ ప్రాంతపు కిరీటం ప్రహ్లాద నాటకం. పంతొమ్మిదో శతాబ్దంలో జలంతర సంస్థానంలో పుట్టింది. ఆ జలంత్రకోట ఇప్పుడు శ్రీకాకుళం జిల్లా వైపుంది, ఆటేమో ఎక్కువగా గంజాంలో బతికింది. మాట ఒడియా, మధ్యలో సంస్కృతం, అక్కడక్కడా తెలుగు. పాటలో మన దక్షిణాది రాగాలు వినబడతాయి. సరిహద్దు మీద పుట్టిన ఆటకి ఇంతకన్నా రుజువేం కావాలి? వేదిక మీద మెట్ల అరుగు ఉండాలి. హిరణ్యకశిపుడు ఆ మెట్లెక్కుతూ దిగుతూనే సగం ఆట నడుస్తుంది. కాబట్టి షామియానా ఎత్తుగా కట్టించు, లేకపోతే పై మెట్టు మీద రాజు కిరీటం గుడ్డకి తగులుతుంది. మాకు తగిలింది. నరసింహుడి ముఖానికి పూజ చేస్తారు, దాన్ని గ్రీన్‌రూములో కుర్చీ మీద పడేసి చెప్పుల పక్కన పెట్టకూడదు. ఆఖర్న నరసింహుడికి పూనకం వస్తుంది, పట్టుకునే మనుషులు బృందంలోనే ఉంటారు. మీ వలంటీర్లు దగ్గరికెళ్ళి ఫోన్లు పెట్టకుండా చూడు.

చిక్కు ఏమిటంటే ఆ ఆట రాత్రంతా సాగేది. శబ్ద కాలుష్య నియమాలు, 2000 ప్రకారం రాత్రి 10 నుంచి ఉదయం 6 దాకా బహిరంగ స్థలంలో లౌడ్‌స్పీకర్ కూడదు. సాంస్కృతిక, మతపరమైన వేడుకలకి రాష్ట్ర ప్రభుత్వం ఏడాదికి 15 రోజులు మించకుండా అర్ధరాత్రి దాకా సడలించవచ్చు. మీ తేదీలు అందులో ఉన్నాయని అనుకోకు, జిల్లా యంత్రాంగాన్ని అడిగి కాగితం మీద తెచ్చుకో. లేదా ఆరున్నరకే మొదలుపెట్టి మూడు గంటల ఆట అడుగు. ఏ ఘట్టాలు ఉంచాలో బృందం గురువు నిర్ణయిస్తాడు, మీరు కత్తెర పట్టుకోకండి. డబ్బు ఆ రాత్రే చేతిలో పడాలి. "బిల్లు పెట్టండి, మార్చి తర్వాత వస్తుంది" అన్న మాట పాతికమంది బృందంతో లారీలో వచ్చినవాడికి చెప్పకూడదు. అడ్వాన్సు తీసి ఉంచమని ఫైనాన్సు సెక్షన్‌కి నెల ముందే నోటుషీటు పెట్టు.

ఆటల దగ్గరికొచ్చాం. ఇది నా ఇలాకా, కొంచెం ఓపిక పట్టు.

వారం రోజులే కదా అని అందరూ నాకౌట్ పెడతారు. ఎనిమిది జట్లయితే ఏడు మ్యాచుల్లో తేలిపోతుంది, నిజమే. ఒక ఏడాది పర్లాకిమిడి నుంచి అమ్మాయిల కబడ్డీ జట్టు గంటల తరబడి బస్సులో కుదుపులు తిని వచ్చి, ఒక్క మ్యాచ్ ఓడి, భోజనం పొట్లాలు పట్టుకుని అదే సాయంత్రం తిరుగు బస్సెక్కింది. అందరితో అందర్నీ ఆడించాలంటే 28 మ్యాచులు, అంత వ్యవధి లేదు. నాలుగేసి జట్ల రెండు గ్రూపులు చెయ్యి. ఆరూ ఆరూ పన్నెండు, రెండు సెమీఫైనళ్ళు, ఒక ఫైనల్: పదిహేను. రోజుకి మూడు చొప్పున అయిదు సాయంత్రాలు. ప్రతి జట్టుకీ కనీసం మూడు ఆటలు దక్కుతాయి. ఒక జట్టు మూడు రోజులుంటే దాన్ని చూడ్డానికి దాని ఊరి వాళ్ళూ వస్తారు.

కబడ్డీ కోర్టు మగవాళ్ళకి 13 గుణించి 10 మీటర్లు, అమ్మాయిలకి 12 గుణించి 8. మ్యాటు లేకపోతే మట్టి జల్లించి రాళ్ళేరించు, ముందురోజు రాత్రి నీళ్ళు పట్టించు. వాలీబాల్ నెట్టు మగవాళ్ళకి 2.43, అమ్మాయిలకి 2.24 మీటర్లు, కొలవవలసింది నడిమధ్యన. మనవాళ్ళు స్తంభం దగ్గర కొలిచి కట్టేస్తారు, నెట్టు మధ్యలో జారి ఉంటుంది, ఫైనల్లో గొడవ. ఇంకోటి, మన దగ్గర డిసెంబరు, జనవరిల్లో చీకటి పడగానే మంచు దిగుతుంది. ఫ్లడ్‌లైట్ల మోజులో రాత్రి ఎనిమిదికి ఫైనల్ పెట్టాం. తడిసిన నేల మీద మా బెస్ట్ స్మాషర్ జారి మోకాలు పోగొట్టుకున్నాడు. ఆ ఏడాదంతా ఆడలేదు. ఆటలన్నీ ఆరింటికల్లా ముగించు. చీకటయ్యాక కళలకి వదిలెయ్యి. అమ్మాయిల మ్యాచ్‌లు పొద్దున్న పదకొండుకి ఖాళీ మైదానంలో కాకుండా సాయంత్రం నాలుగున్నరకి పెట్టు. ఊళ్ళో ఆడవాళ్ళు వచ్చేది ఆ వేళకే.

జనాన్ని పట్టేసే ఆట ఒకటుంది, ఎవరూ తలపెట్టరు: వెయిట్‌లిఫ్టింగ్. బరంపురం దానికి పేరున్న ఊరు. మన కె. రవికుమార్ 2010 ఢిల్లీ కామన్వెల్త్ క్రీడల్లో 69 కిలోల విభాగంలో బంగారు పతకం, 2014 గ్లాస్గోలో 77 కిలోల విభాగంలో వెండి పతకం తెచ్చాడు. నాలుగు మీటర్ల చదరపు పలక చాలు. బారు మగవాళ్ళది 20 కిలోలు, ఆడవాళ్ళది 15. ఒకే ఊపులో తల మీదికెత్తే స్నాచ్‌లో మూడు ప్రయత్నాలు, ముందు భుజాల మీదికి, ఆనక తల మీదికెత్తే క్లీన్ అండ్ జెర్క్‌లో మూడు. నియమం ఎవరికీ విప్పి చెప్పక్కర్లేదు, ఎత్తితే ఎత్తాడు, లేకపోతే లేదు. గేటు పక్కనే, రోడ్డు మీద పోయేవాళ్ళకి కనబడేలా పెట్టు. మేము పెట్టినప్పుడు పల్లీలమ్మేవాడు బండి వదిలేసి వచ్చి నిలబడ్డాడు.

తేదీలు. పరీక్షల షెడ్యూలు చూస్తారు గానీ పంచాంగం చూడరు. మార్గశిరంలో ఒడియా ఇళ్ళలో మాణబసా గురువారాలు, మన ఇళ్ళలో మార్గశిర లక్ష్మివారాలు. రెండూ లక్ష్మీపూజలే, కానీ వాళ్ళకి నెల పున్నమితో మారుతుంది, మనకి అమావాస్యతో. అందుకని వాళ్ళవి పదిహేను రోజులు ముందు మొదలై, మనవి వెనక ముగుస్తాయి. ఆ ఆరు వారాల్లో గురువారం నాడు ఆడవాళ్ళ కార్యక్రమం పెట్టకు, బయటి ఊరి అతిథులకి ఆ పూట చేపల కూరా వండించకు. సంక్రాంతికి తెలుగు పిల్లలు ఊళ్ళకి పోతారు. సరస్వతీ పూజ ముందు రెండు రోజులు ఒడియా పిల్లలు చందాల్లో, మండపాల్లో ఉంటారు. మిగిలిన వారం ఏదో నువ్వే వెతుక్కో.

ప్రచారానికి బ్యానర్లు తగ్గించి కరపత్రం వేయించు, ఒక వైపు ఒడియా, రెండో వైపు తెలుగు. యూనివర్సిటీ బస్సులు రెండు అడుగు: ఒకటి కొత్త బస్టాండు, గేట్ బజార్ మీదుగా, ఒకటి గోపాలపూర్ వైపు. కరపత్రంలో ముఖ్య అతిథి పేరు కన్నా పెద్ద అక్షరాలతో 'తిరుగు బస్సు రాత్రి 9.45' అని వెయ్యి. ఆ ఒక్క లైను వేసిన ఏడాది మాకు ఆడవాళ్ళు, ముసలివాళ్ళు ఎప్పుడూ రానంతమంది వచ్చారు. ముఖ్య అతిథిగారు కొంచెం చిన్నబుచ్చుకున్నారు.

ఇక సినిమా గాయకుడు. తెస్తే జనం వస్తారు, అందులో సందేహం లేదు. తోపులాటకి బారికేడ్లు, పోలీసు బందోబస్తు, జనరేటరు, గాయకుడి ఫీజు కలిపి మిగతా ఆరు రోజుల ఖర్చునీ మింగుతుంది. వచ్చినవాళ్ళు రెండో రోజు తాబేళ్ళ సభకి ఎటూ రారు. మీ వాళ్ళు పట్టుబడితే ముగింపు రోజున కాకుండా మొదటి రోజున పెట్టించు. వచ్చిన ప్రతి మనిషి చేతిలో ఆ కరపత్రం పెట్టొచ్చు.

తాబేళ్ళ సభకి తెలుగులో తిరిగి చెప్పే పిల్ల దొరక్కపోతే కబురు చెయ్యి. మా పాత విద్యార్థిని ఇప్పుడు పక్క పల్లెలోనే టీచరు. సాయంత్రం నాలుగు దాటాక అయితే వస్తుంది, బడి వదలాలి కదా.